ఉప్పునీటి తొట్టె మసకబారిన విషయమై

లోకంలో నీళ్లు రెండు రకాలు. తేటగా ఉండేవి కొన్ని, ఏదో ఒక శాఖ ఆధీనంలో ఉండేవి కొన్ని. మొదటి రకం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అడుగు కనిపిస్తూనే ఉంటుంది, వంగి చూసుకోవచ్చు. రెండో రకం గురించి మాత్రం ధ్రువపత్రాల సవరణ కార్యాలయంలో నూట పద్ధెనిమిది పేజీల ఫైలు ఉంది.

ఆ కార్యాలయం గురించి తెలియని అదృష్టవంతుల కోసం ఒక్క ముక్క. ధ్రువపత్రాలు ఇచ్చేది పక్క భవనం. వాటిలో పడ్డ తప్పులు దిద్దేది ఈ భవనం. ముప్పై ఏళ్లుగా రెండూ ఒకదానికొకటి పని కల్పించుకుంటూ చల్లగా బతుకుతున్నాయి. పక్క భవనంలో పేరు చివరి అక్షరం పోగొట్టుకున్న మనిషి ఇక్కడికొచ్చి, వరుసలో నిలబడి, టోకెను తీసుకుంటాడు. ఆ టోకెను మీద తన పేరులో ఇంకో అక్షరం ఎగిరిపోతే, దాన్ని దిద్దించుకోవడానికి మూడో కిటికీకి వెళ్తాడు. (మూడో కిటికీ మంగళవారం మాత్రమే తెరుస్తారు. మంగళవారం సెలవైతే ఆ వారం మంగళవారం రానట్టే లెక్క.)

ఈ వరుసల్లో నిలబడి నిలబడి ప్రజలకు రక్తపోటు పెరుగుతోందని పై కార్యాలయం వారు ఒక సర్వేలో కనిపెట్టారు. తగ్గించడానికి రెండు మార్గాలున్నాయని సర్వే చివర రాశారు. ఒకటి, వరుసలు తగ్గించడం. రెండు, వేచి ఉండే హాల్లో రంగుచేపల అక్వేరియం పెట్టడం. మొదటిదాన్ని ఒక నిపుణుల బృందం పరిశీలించి, అందువల్ల సిబ్బంది రక్తపోటు పెరిగే ప్రమాదం ఉందని తేల్చింది.

అలా ఒక సోమవారం ఉదయం ఆరడుగుల గాజు తొట్టె హాల్లోకి వచ్చింది. మామూలు మంచినీళ్ల తొట్టె కాదు, సముద్రపు నీళ్లది. ఉత్తర్వులో 'లోతైన ప్రశాంతత' అన్న మాట ఉంది. లోతు అంటే సముద్రమేనని కొనుగోలు విభాగం అర్థం చేసుకుంది. సరిగ్గా రెండు నెలలకు కమిషనరుగారు స్వయంగా వచ్చి ప్రారంభిస్తారని కూడా అందులోనే ఉంది. దాని బాధ్యత తపాలా గుమాస్తాకు అప్పగించారు.

తపాలా గుమాస్తాది యాభై మూడేళ్ల వయసు, ఇరవై ఏడేళ్ల సర్వీసు. లోపలికొచ్చే కాగితానికి ఒక నంబరు, బయటికెళ్లే కాగితానికి ఒక నంబరు వేయడం ఆయన పని. ఏ కాగితం ఏ బల్ల మీద ఎన్నాళ్లు కునుకు తీస్తుందో, ఎవరి సొరుగులోకి వెళ్తే ఇక వెలుతురు చూడదో ఆయనకు కంఠతా వచ్చు. చేపల గురించి మాత్రం ఓనమాలు తెలియవు. కానీ ఆయన సర్వీసు రిజిస్టరులో పదకొండేళ్ల నాటి సెలవు చీటీ ఒకటుంది. అందులో కారణం అన్న చోట 'సముద్రస్నానం చేసినందున జలుబు' అని రాసి ఉంది. కార్యాలయం మొత్తంలో సముద్రంతో లిఖితపూర్వక సంబంధం ఉన్న ఉద్యోగి ఆయనొక్కడే.

"సార్, అది జలుబండీ," అన్నాడు ఆయన, సూపరింటెండెంటు బల్ల ముందు నిలబడి.

"ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"సముద్రం నుంచి."

"మరింకేం!" అని సూపరింటెండెంటు సంతకం పెట్టేశాడు.

ఇసుకను బాగా కడిగి పోయాలని సంచి మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. అయితే కడగడం పారిశుద్ధ్య విభాగం పని, పోయడం భవనాల విభాగం పని. భవనాల విభాగం వాళ్లు ముందొచ్చారు. ఇసుక పోసి, రాళ్లు పేర్చి, నీళ్లు పట్టి, ఉప్పు కలిపి, పంపు వేసి, రసీదు మీద తపాలా గుమాస్తా చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. ఆయన రసీదు మీంచి తలెత్తి చూసేసరికి తొట్టె నిండా కుడితి.

సూపరింటెండెంటు వచ్చి, వంగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగి చూశాడు.

"చేపలేవయ్యా?"

"ఇంకా వెయ్యలేదండీ."

"వేసినా ఇంతేగా కనిపించేది," అని దిగులుగా వెళ్లిపోయాడు.

చేపలను మాత్రం అప్పటికే కొనేశారు. నారింజ రంగు మీద తెల్ల చారలున్న జంట. నీళ్లు సిద్ధమయ్యేదాకా వాటిని చేపల కొట్లోనే ఉంచారు. స్టాకు రిజిస్టరులో చేపలకు ప్రత్యేక పద్దు లేదు కనుక 'ప్రాణమున్న ఫర్నిచరు – రెండు' అని రాశారు. నిబంధనల ప్రకారం ఫర్నిచరు ఆయుష్షు పదిహేనేళ్లు. అంతకంటే ముందు పాడైతే బాధ్యుడు కారణం చెప్పాలి. చెప్పలేకపోతే ఊరి చివరి పాత రికార్డుల గోదాముకు బదిలీ. (తొమ్మిదేళ్ల కిందట అలా వెళ్లిన ఒక గుమాస్తా అక్కడ క్షేమంగానే ఉన్నాడని నమ్ముతున్నారు.)

ఇంటికెళ్లేసరికి ఆయన భార్య ముందుగదిలో కుట్టుమిషను మీద ఎవరిదో జాకెట్టు చేతులు అతుకుతోంది. ఆయన మొహం చూసి మిషను తొక్కడం ఆపింది. అంతా విన్నాక దారం కొరికి, "ఆ చేపల కొట్టావిణ్ణి అడగరాదూ?" అంది.

"బయటివాళ్లను సంప్రదించాలంటే అనుమతి ఉండాలే."

"ఏమండీ, మీ నోరు కూడా ఆఫీసు సామానేనా?"

మర్నాడు పొద్దున్నే చేపల కొట్టుకు వెళ్లాడు. ఆ కొట్టు నడిపే ఆవిణ్ణి వీధిలో అందరూ చేపలక్క అంటారు. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా తడిగా ఉంటుంది. సంగతంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఇసక కడిగారా అన్నయ్యగారూ?"

"కడగడం పారిశుద్ధ్య విభాగం పనమ్మా," అన్నాడు తపాలా గుమాస్తా.

"అర్థమైందిలెండి. ఇప్పుడున్నది ఇసక దుమ్ము. మూడు రోజుల్లో దిగిపోతుంది. దిగింది కదా అని సంబరపడకండి. వారం తిరిగేసరికి మళ్లీ పాలలా తెల్లబడుతుంది. అది మురికి కాదు. కొత్త నీళ్లలో కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురం పెడుతున్నాయన్న మాట. పెట్టనివ్వండి. అవి కుదురుకుంటేనే రేపు చేపల మలినాన్ని అరాయించుకుని వాటిని బతకనిస్తాయి."

"అప్పుడు మేం ఏం చెయ్యాలమ్మా?"

"ఏం చెయ్యకూడదు."

"అంటే... ఏమన్నా వెయ్యాలా?"

"ఏం వెయ్యకూడదు. పారబొయ్యకూడదు. చెయ్యి పెట్టి కెలక్కూడదు. ఫిల్టరు ఆపకూడదు. ఆవిరైనంత మేర మంచినీళ్లు పొయ్యండి, అంతే. ఇదిగో, ఈ గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి, ఈ సీసాలోంచి చుక్కలు వెయ్యండి. ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు. పసుపుగా ఉంటే లేనట్టు. నాలుగు రోజులు వరసగా పసుపొస్తే నాకు చెప్పండి, నేనే తెచ్చి చేపల్ని వదుల్తాను. అందాకా మీ కమిషనరొచ్చి కాళ్లావేళ్లా పడినా ఇవ్వను."

ఆయన వెళ్లబోతూ మూలనున్న తొట్టె దగ్గర ఆగాడు. ప్రాణమున్న ఫర్నిచరు అక్కడే ఉంది. ఊరికే గాజు మీద వేలు పెట్టాడు. రెంటిలో చిన్నది ఆ వేలు దగ్గరకొచ్చి నిలబడింది. వేలు ఎడమకు జరిపితే ఎడమకు వచ్చింది, కుడికి జరిపితే కుడికి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన వేలు కదిపితే కదిలిన ప్రాణి అదే మొదటిది. ఆ రోజు ఆఫీసుకు పావుగంట ఆలస్యంగా వెళ్లాడు.

"ఏమీ చెయ్యకూడదటండీ," అని సూపరింటెండెంటుకు విన్నవించాడు.

"ఎవరు చెయ్యకూడదు?"

"ఎవరూనండీ."

"అది ఏ స్థాయిలో తీసుకున్న నిర్ణయం?"

"చేపలక్క స్థాయిలోనండీ."

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, ఓపిగ్గా నచ్చజెప్పాడు. "చూడండి, ఏమీ చెయ్యకుండా ఉండటం మనకు చేతకాదని కాదు. కానీ ఏమీ చెయ్యట్లేదని రాసివ్వడం ఎక్కడా లేదు. రోజూ సాయంత్రం చర్యల నివేదిక పంపాలి. అందులో 'తీసుకున్న చర్య' అని ఒక గడి ఉంది. ఆ గడి ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ఒప్పుకోదు. నేనేం చెయ్యను?"

మూడో రోజుకు దుమ్ము దిగింది. అందరూ ఒకరినొకరు అభినందించుకున్నారు. ఎనిమిదో రోజు పొద్దున నీళ్లు తెల్లగా, చిక్కగా, చేపలక్క చెప్పినట్టే అచ్చం పాలలా మారాయి. తపాలా గుమాస్తా సంతోషించాడు. సూపరింటెండెంటు 'తీసుకున్న చర్య' గడిలో 'మొత్తం నీరు మార్చబడినది' అని రాసి, రాసేశాం కదా అని మార్పించాడు. కొత్త నీళ్ల ధాటికి అడుగునున్న ఇసుక పైకి లేచి, తొట్టె మళ్లీ మొదటి రోజుకు చేరింది.

తొట్టెకు ఎదురుగా ఉన్న బల్ల మీద రోజూ ఒక పెద్దావిడ కూర్చునేది. వరుసలో అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. ఆవిడ ధ్రువపత్రం ప్రకారం ఆవిడకు నలభై ఒక్క ఏళ్లు. ఆవిడ కొడుక్కు నలభై మూడు. ఈ కుటుంబంలో పుట్టిన వరుస సరిచేయమని ఆవిడ అర్జీ పెట్టి పదకొండు నెలలైంది. రెండు కళ్లకూ శుక్లాలొచ్చాయి. అరవై దాటినవాళ్లకైతే ఉచితంగా ఆపరేషను చేస్తామని ఆసుపత్రి వాళ్లన్నారు. నలభై ఒక్క ఏళ్ల పిల్లకు కుదరదన్నారు.

"నీళ్లు మబ్బుగా ఉన్నాయని అందరూ అంటున్నారు, నిజమేనా నాయనా?" అని ఆవిడ ఒకరోజు తపాలా గుమాస్తాను అడిగింది.

"నిజమే పెద్దమ్మా."

"ఓహో. నాకు మీరు కూడా అలాగే కనిపిస్తారులే."

వేచి ఉండేవాళ్లకు తీరికెక్కువ. పేరు చివర అక్షరం పోయిన ఒకాయన తొట్టెను ఫొటో తీసి 'చెప్పుకోండి' అనే యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. అందులో రోడ్లు, వీధి దీపాలు, కుక్కలు, తాగునీరు, ఇతరములు అని ఐదు పద్దులున్నాయి. 'ఇతరములు' నొక్కితే యాప్ మూసుకుపోతుంది. ఆయన తాగునీరు నొక్కాడు.

రెండో రోజుకల్లా తాగునీటి ఇన్‌స్పెక్టరు సంచీతో సహా దిగాడు. (ఇంత త్వరగా రావడం చూసి ముందు ఎవరూ ఆయన్ను ఉద్యోగి అనుకోలేదు.)

"ఎన్నాళ్లుగా తాగుతున్నారీ నీళ్లు?" అని వరుసను అడిగాడు.

"మేం తాగట్లేదండీ."

"తాగకండి," అని చెప్పి, గరిటెతో కాస్త తీసి తనే చప్పరించాడు. మొహం అష్టవంకర్లు పోయింది. "ఉప్పు! ఉప్పెవరు కలిపారు?"

"ఆఫీసు వాళ్లమేనండీ," అన్నాడు తపాలా గుమాస్తా.

"తెలిసేనా?"

"ఉత్తర్వు ఉందండీ. ఇవి చేపల కోసం."

"చేపలు తాగినా తాగునీరే," అని ఇన్‌స్పెక్టరు సంచీలోంచి క్రిములను చంపే బిళ్లలు రెండు తీసి, తపాలా గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టేలోపు తొట్టెలో వేసేశాడు. మరుక్షణం ఫిర్యాదుదారుడి ఫోను మోగింది. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మీరు సంతృప్తి చెందారు' అని అందులో ఉంది. (అది ప్రశ్న కాదు, సమాచారం.)

"కాపురాలన్నీ కూల్చేశారు కదండీ!" అంది చేపలక్క ఫోనులో. తపాలా గుమాస్తా నీరుగారిపోయాడు. ఆ బిళ్లల ఘాటు విరగ్గొట్టే మందేదో ఆవిడే పంపింది. మళ్లీ మొదటికొచ్చారు.

పరిస్థితి చేయి దాటుతోందని గ్రహించి సూపరింటెండెంటు పారదర్శకత కమిటీ వేశాడు. ఆయనే అధ్యక్షుడు. కమిటీ మూడు రోజులు తలుపులు వేసుకుని చర్చించి, మసక అంటే ఏమిటో నిర్వచించింది: 'తొట్టెకు ఒక వైపున నిలబడిన అధికారిని మరొక వైపున నిలబడిన సిబ్బంది గుర్తుపట్టలేకపోవుట.' నిర్వచనం దొరికాక పరీక్ష ఎంత పని? సూపరింటెండెంటు వెళ్లి తొట్టె వెనక నిలబడ్డాడు. ముందు వైపు అటెండరును నిలబెట్టారు. రిటైరవడానికి నాలుగు నెలలున్న, లోకం తెలిసిన మనిషి.

"ఎవరు కనిపిస్తున్నారు?" అన్నాడు సూపరింటెండెంటు వెనకనుంచి.

"తమరే సార్."

"స్పష్టంగానా?"

"నవ్వుతున్నారు సార్."

సూపరింటెండెంటు నవ్వడం లేదు. అసలు అప్పటికే ఆయన ఫోను వస్తే పక్కకు జరిగాడు. తొట్టె వెనక ఉన్నది గోడ మీది క్యాలెండరు. అయినా సాక్ష్యం నమోదైంది. నీరు 'సంతృప్తికరంగా మసకగా' ఉన్నదని కమిటీ తేల్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. చేపలు తిరిగితే నీళ్లు కదులుతాయి, కదిలితే మసక విడిపోతుంది కాబట్టి, వచ్చే సోమవారమే చేపలను తెచ్చి వేసేయాలని కూడా తీర్మానించింది. ఇవ్వననే హక్కు చేపలక్కకు లేదు, స్టాకు ఆఫీసుది.

తపాలా గుమాస్తా ఆ సాయంత్రం నీళ్లు పరీక్షించాడు. గొట్టంలో ఆకుపచ్చ. ఆకుల్లో ముదురాకు ఉంటుందే, ఆ ఆకుపచ్చ. బదిలీ సంగతి సరే, తన వేలు వెంట తిరిగిన ఆ చిన్న చేప ఈ నీళ్లలో రెండు రోజులు కూడా ఉండదు.

భోజనం దగ్గర భార్యకు చెప్పాడు. "ఆపమని అడిగాను. ఆపడానికి కారణం లిఖితపూర్వకంగా ఇమ్మన్నారు. ఇచ్చాను. ఆ కారణం కమిటీ ముందు పెడతారట. కమిటీ మళ్లీ కూర్చునేది చేపల్ని వేశాకే."

ఆవిడ వడ్డిస్తూ మామూలుగానే అంది. "మీ ఆఫీసులో నిజంగా ఏదన్నా పని ఆగిపోవాలంటే మీరేం చేస్తారండీ?"

"ఏముంది, దాని మీద ఫైలు తెరు..."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. భార్య మారు వడ్డించి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున సూపరింటెండెంటు బల్ల మీద ఒక లేఖ ఉంది. విషయం: 'ప్రాణమున్న ఫర్నిచరును నీటిలో ఉంచవచ్చునా, లేక ఫర్నిచరు నిర్వహణ నిబంధనలను అనుసరించి తేమ సోకని పొడి ప్రదేశముననే ఉంచవలెనా – స్పష్టత కోరుట గురించి.'

సూపరింటెండెంటు మొహంలో నెత్తురు చుక్క లేదు. నిబంధనల పుస్తకం తీసి చూశాడు. నిజమే, ఫర్నిచరుకు తేమ సోకరాదు.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదయ్యా? నేను సంతకం పెట్టేసి ఉంటే?"

"ఇప్పుడే గమనించానండీ."

"స్పష్టత వచ్చేదాకా?"

"యథాతథ స్థితండీ," అన్నాడు తపాలా గుమాస్తా వినయంగా.

గంటలో తొట్టె చుట్టూ టేపు పడింది. మూత మీద లక్క ముద్ర పడింది. ముందు ఒక బోర్డు పడింది: 'ఈ నీరు పరిశీలనలో ఉన్నది. తాకరాదు, కదపరాదు, మార్చరాదు, అభిప్రాయపడరాదు.'

ఇక లేఖను పంపడం. ఇక్కడ తపాలా గుమాస్తా తన విద్య మొత్తం బయటకు తీశాడు. నేరుగా పై కార్యాలయానికి పంపితే పొరపాటున ఎవరైనా చదివే ప్రమాదం ఉంది. కాబట్టి సమన్వయ విభాగం ద్వారా పంపాడు. సమన్వయ విభాగం సొంతంగా సమన్వయం చేయదు, అభిప్రాయ విభాగాన్ని అడుగుతుంది. అభిప్రాయ విభాగానికి సొంత అభిప్రాయం ఉండదు, సమన్వయం కోసం వెనక్కి పంపుతుంది. దీనికి తోడు, జతపరచిన కాగితాలు నాలుగు అని రాసి మూడే జతపరిచాడు. నాలుగోది ఏదని అడగడానికి వాళ్లకు కనీసం పన్నెండు రోజులు పడుతుంది. బంగారు పని చేసేవాడు రవ్వను పొదిగినట్టు ఆ లోటును అందులో పొదిగి, నంబరు వేసి పంపేశాడు.

అప్పటినుంచి రోజూ ఆఫీసు తెరవగానే, ఇంకెవరూ రాకముందే వచ్చేవాడు. మూతకు ముద్ర ఉన్నా, ఫిల్టరు గొట్టం కోసం వదిలిన సందులోంచి కాసిని నీళ్లు పట్టి పరీక్షించేవాడు. ఆ సందులోంచే ఆవిరైనంత మేర నీళ్లు పోసేవాడు. (తగ్గిన నీటిని భర్తీ చేయడం యథాతథ స్థితిని కాపాడటం కిందికే వస్తుందని తనకు తానే ఒక నోటు పెట్టుకుని, తనే ఆమోదించుకున్నాడు.) నీళ్లు పాలలా మారాయి. ఎవరూ ఏమీ చేయలేదు. ఇంకా చిక్కబడ్డాయి. చేయడానికి వీల్లేదు. పందొమ్మిదో రోజుకు పలచబడ్డాయి. ఆకుపచ్చ కాస్తా లేతాకుపచ్చ అయింది. ఇరవై నాలుగో రోజు గొట్టంలో పసుపు మెరిసింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని, పుట్టిన పిల్లను చూసినట్టు చూశాడు.

ఆ రోజు తొట్టెలోంచి అటువైపు స్పష్టంగా కనిపించింది. కనిపించింది పెద్దమ్మ. బల్ల మీద చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, టోకెను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

తన ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని తపాలా గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. అనుకున్నట్టే అభిప్రాయ విభాగంలో భద్రంగా ఉంది. దాని పైవరుసలో, అదే బల్ల మీద, అదే కట్టలో ఇంకో నంబరు ఉంది. పెద్దమ్మది. వేళ్లు పెట్టి వెనక్కి లెక్క చూశాడు. సమన్వయం, అభిప్రాయం, మళ్లీ సమన్వయం, ఒక జతపత్రం లోపం, మళ్లీ అభిప్రాయం. ఇరవై ఏడేళ్ల అనుభవమంతా రంగరించి, ఎక్కడ పంపితే చస్తే తిరిగిరాదో ఏరి ఏరి తను ఎన్నుకున్న దారి ఆవిడ ఫైలుకు మామూలు దారి. ఆ నంబర్లన్నీ వేసింది కూడా తనే. తన చేతిరాతే.

రిజిస్టరు మూసి లేచి, మెట్లెక్కి అభిప్రాయ విభాగానికి వెళ్లి పెద్దమ్మ ఫైలు చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరు పంపారు?" అని అడిగారక్కడ.

"ఎవరూ పంపలేదండీ. నేనే వచ్చాను."

అలాంటి జవాబు ఆ అంతస్తులో ఎవరూ ఎన్నడూ వినలేదు. వెనక ఎవరో చాలా పెద్దవాళ్లు ఉండి ఉంటారని భయపడి సంతకం పెట్టేశారు. తర్వాతి బల్ల దగ్గరా అదే జరిగింది. నాలుగు బల్లలు, నాలుగు సంతకాలు, ఒక ముద్ర. నలభై నిమిషాలు. కిందికొచ్చి కొత్త ధ్రువపత్రం పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

"ఎంతని రాశారు నాయనా?"

"డెబ్బై ఒకటి పెద్దమ్మా."

ఆవిడ ఆ కాగితాన్ని రెండు చేతులతో తడిమి చూసుకుంది. "ఒక్క పూటలో ముప్పై ఏళ్లు మీద పడ్డాయి," అని నవ్వింది. ముసలితనం వచ్చినందుకు అంత సంబరపడ్డ మనిషిని ఆ హాలు అంతకుముందు చూడలేదు. ఇక నీకంటే చిన్నదాన్ని కాదని కొడుక్కు ఫోను చేసి చెప్పి, నేరుగా ఆసుపత్రికి బయల్దేరింది.

వారం తర్వాత కమిషనరుగారు వచ్చారు. స్పష్టత ఇంకా రాలేదు. సూపరింటెండెంటు చెమటలు కక్కుతున్నాడు. కమిషనరుగారు తొట్టె ముందు ఆగి, అద్దంలాంటి నీళ్లలోకి చూసి, "బ్రహ్మాండం! చేపలేవి?" అన్నారు. ఆ ప్రశ్ననే మౌఖిక ఉత్తర్వుగా భావించి లక్క పగలగొట్టారు.

వారం రోజులుగా పసుపే వస్తోందని విని చేపలక్క అప్పటికే సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. చేపలున్న సంచీని మూతి విప్పకుండా నీళ్లలో తేలేసింది.

"వదిలెయ్యమ్మా, ఫొటో తీస్తున్నారు," అన్నాడు సూపరింటెండెంటు.

"ఆగాలి సార్. నీళ్ల వేడికి అలవాటు పడాలి. అరగంట."

"కమిషనరుగారు నిలబడి ఉన్నారు!"

"కూర్చోమనండి. బల్లలున్నాయిగా."

కమిషనరుగారు తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఆ హాల్లో బల్ల మీద అరగంట కూర్చున్నారు. పదో నిమిషానికి వాచీ చూసుకున్నారు. ఇరవయ్యో నిమిషానికి ఎవరిని కలిస్తే త్వరగా పనవుతుందని పక్కనున్నాయన్ని చిన్నగా అడిగారు. పక్కనున్నాయన మంగళవారం రమ్మన్నాడు.

చివరికి చేపలు నీళ్లలోకి జారాయి. రెండు చుట్లు తిరిగాయి. చిన్నది జనంలోకి ఒకసారి చూసి, తపాలా గుమాస్తా నిలబడిన మూలకు వచ్చి ఆగింది. ఆయన ఎవరూ చూడకుండా వేలు కొద్దిగా కదిపాడు. కళ్లు చెమర్చాయి. (ఉప్పునీటి బాధ్యుడు కనుక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.)

పారదర్శకత కమిటీ ముప్పై ఒక్క రోజుల అవిశ్రాంత కృషిని కమిషనరుగారు కొనియాడారు. అధ్యక్షుడికి శాలువా కప్పారు. ఇరవై రెండు కార్యాలయాల్లో ఇలాంటి తొట్టెలు, ఇలాంటి కమిటీలు పెడతామని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. వరుస మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ పై సోమవారం పై కార్యాలయం నుంచి ఒక కవరు వచ్చింది. మామూలుగానే తపాలా గుమాస్తా దానికి నంబరు వేసి, తేదీ వేసి, ఎవరి పేరున ఉందో చూసుకుంటే తన పేరునే ఉంది. విప్పి చదివాడు.

'సదరు ఉద్యోగి తనకు అప్పగించిన నీటి విషయమై ముప్పై ఒక్క రోజులపాటు ఏ పనీ చేయక ఊరకుండెనని తెలియవచ్చినది. మరియు, ఒక పౌరురాలి ఫైలును దాని వంతు రాకమునుపే నలభై నిమిషములలో పూర్తి చేయించెనని తెలియవచ్చినది. మొదటిది కార్యాలయ ఆనవాయితీకి లోబడియే ఉన్నందున క్షమించడమైనది. రెండవదానికి మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.'